ఇంజెక్షన్ అయిపోయినా మన కాపలా అయిపోదు

మన ఇళ్లల్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే డబ్బు కట్టడం, మందులు తేవడం ఎక్కువగా మగవాళ్లు చూసుకుంటారు. మంచం పక్కన స్టూలు మీద రాత్రంతా కూర్చునేది మాత్రం మనమే. అందుకే ఈ విషయం ముందు మనకి తెలిసి ఉండాలంటాను.

గుండె దడ మరీ పెరిగినప్పుడో, బీపీ ప్రమాదకరంగా ఎగిసినప్పుడో బీటా బ్లాకర్ రకం మందుని నరంలోకి ఇస్తారు. మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్, అటెనలాల్ పేర్లు మందుల డబ్బాలో మీరూ చూసే ఉంటారు, అవన్నీ ఈ కుటుంబమే. అడ్రినలిన్ గుండెని పరిగెత్తించకుండా ఇవి అడ్డుపడతాయి. మాత్ర నెమ్మదిగా పనిచేస్తుంది. నరంలోకి ఎక్కించిన మందు నిమిషాల్లో మొదలెడుతుంది. అంత త్వరగా పనిచేసేదాన్ని అంత జాగ్రత్తగానూ కనిపెట్టుకుని ఉండాలి.

మా ఆడపడుచుకి ఎనిమిదో నెలలో తలనొప్పి వచ్చి, కళ్ల ముందు మెరుపులు కనిపించాయి. బీపీ 170/114. గర్భిణికి 160/110 దాటి అలాగే ఉంటే పక్షవాతం ప్రమాదం ఉంటుంది కాబట్టి త్వరగా దించాలి. లాబెటలాల్ ఇచ్చారు. మొదట 20 మిల్లీగ్రాములు, రెండు నిమిషాల పాటు నెమ్మదిగా. పది నిమిషాలాగి బీపీ చూశారు. తగ్గలేదని 40 ఇచ్చారు. కాసేపటికి అంకె దిగింది.

అంతే, చూడటానికి వచ్చినవాళ్లు మొదలెట్టారు. "తగ్గిందిగా, లేపి బాత్రూంకి తీసుకెళ్లండి, రెండు ముద్దలు తినిపించండి" అని. నర్సు ససేమిరా అంది. ఆ పిల్ల కరుకుగా మాట్లాడిందని మావాళ్లు నొచ్చుకున్నారు కానీ నేను నర్సు పక్షమే. ఈ ఇంజెక్షన్ తరవాత దాదాపు మూడు గంటల వరకూ చటుక్కున లేచి నిలబడితే బీపీ పడిపోయి కూలబడచ్చు. కడుపుతో ఉన్న మనిషి పడితే ఏమవుతుందో ఎవరికి చెప్పాలి? బెడ్‌పాన్ అడగడం నామోషీ కాదు. పుట్టిన బిడ్డకి కూడా నాడి, చక్కెర చూస్తారు, ఎందుకంటే ఆ మందు బిడ్డకీ చేరుతుంది.

అన్ని మందులకీ ఒకటే లెక్క కాదు. ఎస్మొలాల్ ఒకటి రెండు నిమిషాల్లో పని మొదలెడుతుంది, డ్రిప్ ఆపితే అరగంటలోపు దాని ప్రభావం చాలావరకు పోతుంది. మెటోప్రొలాల్ ఇంజెక్షన్ పూర్తి బలం చూపడానికి ఇరవై నిమిషాలు పట్టచ్చు, తరవాత గంటల తరబడి ఉంటుంది. కాబట్టి "పక్క మంచం ఆవిడకి మానిటర్ తీసేశారు, మాకెందుకు తీయరు" అని పోట్లాడటం అర్థం లేని పని. గోల చేస్తోందని మానిటర్ శబ్దం నొక్కేయడం, అన్నం తినడానికి అడ్డమని వేలి క్లిప్పు లాగేయడం అంతకన్నా తప్పు.

"అన్నీ డాక్టర్లకి తెలుసు, మనమెందుకు" అంటారు కొందరు. మందు గురించి వాళ్లకి తెలుసు. మన ఇంటి సంగతి మనం చెప్తేనే తెలుస్తుంది. ఆస్తమా ఉందా? ఇన్‌హేలర్ వాడుతున్నారా? చెప్పాలి, ఎందుకంటే ఈ మందుల్లో కొన్నిటితో ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకోవచ్చు. పొద్దున వెరపమిల్ గానీ డిల్టియాజెమ్ గానీ వేసుకున్నారా? రెండూ కలిస్తే గుండె మరీ నెమ్మదించవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారైతే చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు కనపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించాలి.

ఇంకో మాట. ఫలానావాళ్లకి ఇచ్చారు, మాకు ఇవ్వలేదని అనుమానపడద్దు. చైనాలో 45 వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద చేసి, 2005లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, ముందే నరంలోకి మెటోప్రొలాల్ ఇచ్చినవాళ్లలో మళ్లీ గుండెపోటు రావడం కొంత తగ్గింది కానీ గుండె బలం చాలక షాక్‌లోకి వెళ్లడం పెరిగింది. ఇవ్వకుండా ఆగడం కూడా వైద్యమే.

మన పని పెద్దదేం కాదు. వేసుకునే మాత్రల పేర్లు రాసిన చీటీ పర్సులో పెట్టుకోవడం, నాడి, బీపీ ఎంతకి దిగితే పిలవాలో నర్సుని ముందే అడగడం, మగతగా ఉన్నా, చల్లచెమటలు పట్టినా, పిల్లికూతలు వినపడినా వెంటనే కేక వేయడం. చూడవచ్చినవాళ్లు ఏమనుకున్నా సరే, మనిషిని మంచం మీంచి లేవనివ్వకపోవడం. ఇందులో ఏదీ డాక్టరు చదువు అడగదు.