కరెంటు మా ఏటిది, ఎక్స్‌రే కింద ఊళ్లది



ఈసారి పోడు భూమి గురించో, పట్టాల గురించో రాయట్లేదు. ఎక్స్‌రే గురించి రాస్తున్నాను. ఇదేం టాపిక్ అనుకోకండి, చివరిదాకా చదవండి.

రెండేళ్ల కిందట మా మావ జీలుగు చెట్టు మీంచి జారి పడ్డాడు. చిన్నప్పట్నుంచీ కల్లు దించుతున్న చెట్టే. తుంటి దగ్గర దెబ్బ, కాలు కదపలేడు. మాది డొంకరాయి దగ్గర చిన్న గూడెం. రోడ్డు దాకా డోలీ కట్టి మోశాం, ఒక పక్క కర్ర నా భుజం మీదే ఉంది. జీపు దొరికేసరికి మధ్యాహ్నం అయింది. ఘాట్ దిగి ఒక ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడింది. అక్కడ ఎక్స్‌రే మిషన్ ఉంది, గుడ్డ కప్పి ఉంది. తీసే మనిషి సెలవులో ఉన్నాడు, ఆయన బదులు ఇంకొకరు లేరు. రాత్రంతా నొప్పి బిళ్లలతో ఉంచి, పొద్దున్నే ఇంకా కిందికి పొమ్మన్నారు. రెండో చోట ఎక్స్‌రే తీశారు గానీ, చూసి చెప్పే డాక్టర్ రేపు వస్తారన్నారు. తుంటి ఎముక విరిగిందని మాకు మూడో రోజు తెలిసింది.

ఆపరేషన్ అయింది, మావ బతికాడు. ఇప్పుడు కుంటుతూ నడుస్తాడు, చెట్టు ఎక్కలేడు. "ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది బాబూ" అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టర్. ఆయన తప్పేం లేదు. కానీ మేమెక్కడ ఆలస్యం చేశామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎక్స్‌రే తీయడానికి ఒక్క సెకను చాలు. ఆ సెకను దగ్గరికి చేరడానికే మాకు మూడు రోజులు పట్టింది.

డొంకరాయి అంటే బయటివాళ్లకు తెలిసింది డ్యామే. పైన మాచ్‌ఖండ్‌లో 120 మెగావాట్లు, అప్పర్ సీలేరులో 240, మా డొంకరాయిలో 25, కింద పొల్లూరు దగ్గర లోయర్ సీలేరులో 460. అన్నీ ఒకే ఏటి నీళ్లు. ఆ కరెంటు మా తలల మీంచే తీగల్లో మైదానానికి పోతుంది. అక్కడ ఏదో ఒక స్కానింగ్ సెంటర్‌లో మిషన్ నడుపుతుంది. దాని వెనకాలే మేము జీపు కట్టించుకుని దిగుతాం, మా ఎముక ఫోటో తీయించుకోడానికి. ఈ లెక్క ఎవరు వేశారు?

ముందు ఒక చిన్న సంగతి. ఎక్స్‌రే తీసే మనిషి వేరు, చదివే మనిషి వేరు. తీసేవాళ్లని రేడియోగ్రాఫర్ అంటారు. ఆ ఫోటో చూసి ఎముక విరిగిందా, ఊపిరితిత్తిలో టీబీ మచ్చ ఉందా, స్కానింగ్ చూసి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందా అని చెప్పే డాక్టర్ రేడియాలజిస్ట్. డిగ్రీ చదివిన నాకే ఈ తేడా మావ పడ్డాక గానీ తెలియలేదు. మన పిల్లల్ని ఏమవుతారని అడిగితే "డాక్టర్" అంటారు, "నర్స్" అంటారు. రేడియాలజిస్ట్ అని ఒక్కరు కూడా చెప్పగా నేను వినలేదు. మన కొండల్లో ఎవరికీ కనపడని డాక్టర్ ఆయన. కనపడని పనిని పిల్లలు కలగనరు.

అందుకే ఒక రేడియాలజిస్ట్ కథ చెప్తాను. డాక్టర్ కాకర్ల సుబ్బారావు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. మన విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో డాక్టరు చదువు చదివారు. 1951లో అమెరికా వెళ్లి రేడియాలజీ నేర్చుకున్నారు. అక్కడే ఉండిపోలేదు. వెనక్కి వచ్చి హైదరాబాద్ ఉస్మానియాలో పనిచేశారు, పాఠాలు చెప్పారు. మళ్లీ అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ప్రొఫెసర్‌గా పేరు తెచ్చుకున్నారు. తానా మొదటి అధ్యక్షుడు ఆయనే. 1986లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ పిలిస్తే ఆ ఉద్యోగం వదిలి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు 61. మామూలుగా రిటైరయ్యి మనవల్ని ఆడించుకునే వయసులో నిమ్స్ మొదటి డైరెక్టర్‌గా కొత్త సంస్థని నిలబెట్టే పని నెత్తినేసుకున్నారు. 2000లో పద్మశ్రీ వచ్చింది. 2021లో చనిపోయారు.

ఈ కథని "కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు" అనే మోటివేషన్ వీడియోలాగా చూడొద్దు. నాకు ఇందులో మూడు పాఠాలు కనిపించాయి.

ఒకటి, ఆయన చదువు సర్కారు కాలేజీలో జనం డబ్బుతో మొదలైంది. ఆశ్రమ పాఠశాల అన్నం తిని, స్కాలర్‌షిప్‌తో చదివిన మనకీ అదే వర్తిస్తుంది. మన చదువులో మన గూడెం వాటా ఉంది.

రెండు, రేడియాలజిస్ట్ కూర్చునే గదికి ఆసుపత్రిలో అన్ని విభాగాల రోగులూ వస్తారు. ఎముకల డాక్టర్ పంపినవాళ్లు, కాన్పుల వార్డు నుంచి వచ్చినవాళ్లు, దగ్గుతో వచ్చినవాళ్లు. ఎక్కడ ఆలస్యం అవుతోందో, ఎవరు ముదిరాక వస్తున్నారో ఆ గదిలోనే ముందు తెలుస్తుంది. లోపల విరిగినదాన్ని చూడటం అలవాటైన మనిషి సంస్థలో విరిగినదాన్ని కూడా చూడగలడు. కాకర్ల గారు ఫోటోలు చదవడంతో ఆగకుండా ఆసుపత్రి నడపడానికి పూనుకున్నారు. నా దృష్టిలో నాయకత్వం అదే.

మూడు, ఆయన ఒక్కడే గొప్పవాడై పోలేదు. తన తర్వాతి వాళ్లకి నేర్పే చోటు కట్టారు. వెళ్లడం తప్పు కాదు, తిరిగి రావడమే గొప్ప అనీ కాదు. వచ్చి ఏం కట్టావన్నదే అసలు ప్రశ్న. విశాఖకో, ఢిల్లీకో, అమెరికాకో వెళ్లే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నిమ్స్ గొప్ప సంస్థే, కానీ హైదరాబాద్‌లో ఉంది. పెద్ద ఆసుపత్రి రాజధానిలో కడితే దాని మేలు మెల్లగా కొండలకి పాకుతుందని మన పెద్దలు నమ్మారు. ముప్ఫై ఏళ్ల పైన అయింది, అది ఘాట్ ఎక్కలేదు. 2014 తర్వాత ఆ ఆసుపత్రి ఉన్న రాష్ట్రమే వేరైంది. నీళ్లు పల్లానికే పోతాయి. ఎవరో ఒకరు పైకి మోయాలి.

మోసిన మనిషి చరిత్రలో ఉంది. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రే కనిపెట్టాడు, దాని మీద పేటెంట్ తీసుకోలేదు, అందరిదీ అన్నాడు. 1914లో యుద్ధం వచ్చినప్పుడు ఫ్రాన్స్‌లో ఎక్స్‌రే మిషన్లు పట్నం ఆసుపత్రుల్లో ఉన్నాయి, సైనికులు దూరంగా బురదలో పడి ఉన్నారు. మేరీ క్యూరీ ఏం చేసింది? మిషన్‌ని కారులోకి ఎక్కించింది. కారు ఇంజన్‌కి డైనమో కట్టి కరెంటు తీసింది. తానే డ్రైవింగ్ నేర్చుకుని యుద్ధరంగానికి వెళ్లింది. అలాంటి బళ్లు సుమారు 20 తయారయ్యాయి. ఆమె డాక్టర్ కూడా కాదు, సైంటిస్టు. దాదాపు 150 మంది ఆడవాళ్లకి ఎక్స్‌రే తీయడం నేర్పింది. ఏజెన్సీలో రోడ్డు లేదు, కరెంటు నిలకడ లేదు, ట్రైన్డ్ స్టాఫ్ దొరకరు అని ఈరోజు చెప్పే మూడు సాకులకీ ఆమె వందేళ్ల కిందటే జవాబు చెప్పింది.

ఇప్పుడైతే పని ఇంకా తేలిక. బ్యాటరీతో నడిచే, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషన్లు వచ్చాయి. 2024 డిసెంబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన వంద రోజుల టీబీ కార్యక్రమంలో వాటిని వాడారు. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ అనుమానం ఉందా లేదా అని కంప్యూటర్‌తో చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఒప్పుకుంది. అంటే మిషన్ కొండ ఎక్కగలదు. డోలీలో మనిషి దిగే దారిలోనే సంచిలో మిషన్ ఎక్కగలదు.

"మిషన్ సరే, చదివే డాక్టర్ కొండకి రాడు కదా" అంటారు. రేడియాలజీ గొప్పతనమే అది, డాక్టర్ రానక్కర్లేదు. ఫోటో పోతే చాలు. డాక్టర్ అర్జున్ కల్యాణ్‌పూర్ అనే రేడియాలజిస్ట్ అమెరికాలో చదివి తిరిగొచ్చి, 2002లో బెంగళూరులో టెలిరేడియాలజీ సంస్థ పెట్టారు. అమెరికాలో రాత్రయితే అక్కడి ఆసుపత్రుల స్కాన్‌లని ఇక్కడ పగలు కూర్చుని చదివి పంపారు. సముద్రాలు దాటి ఫోటో రాగలిగినప్పుడు డొంకరాయి ఫోటో విశాఖ ఎందుకు చేరదు? 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ తెచ్చిన ఉచిత పరీక్షల పథకంలో టెలిరేడియాలజీ కూడా ఉంది. కాగితం మీద దారి ఉంది. ఏజెన్సీ వరకూ వేయడమే మిగిలింది.

ఎందుకు వేయరంటే లెక్క అట్టా ఉంది. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఎక్స్‌రే ఉండాల్సింది సీహెచ్‌సీలో. మైదానంలో లక్షా ఇరవై వేల మందికి ఒక సీహెచ్‌సీ, కొండ ప్రాంతాల్లో ఎనభై వేల మందికి ఒకటి. ఏదో తగ్గించి ఇచ్చినట్టే కనపడుతుంది. కానీ మైదానంలో అంతమంది కొన్ని ఊళ్లలో ఉంటారు, మాకు ఎనభై వేల మందిని పోగెయ్యాలంటే ఎన్ని కొండలు దాటాలో తెలుసా? మా మండల కేంద్రం వెళ్లాలన్నా కొండలు చుట్టి పోవాల్సిందే. తలలు లెక్కపెట్టినన్నాళ్లూ మేము తక్కువే ఉంటాం. గంటలు లెక్కపెట్టండి. దెబ్బ తగిలిన మనిషి ఎన్ని గంటల్లో ఎక్స్‌రే ముందుకి చేరుతున్నాడో అదే ప్రమాణం కావాలి.

ఎముకలతోనే అయిపోలేదు. మన బిడ్డల్లో సికిల్ సెల్ ఉంది. 2023 జులైలో కేంద్రం దాని నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, రక్త పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మంచిదే. కానీ సికిల్ సెల్ ఉన్న 2 నుంచి 16 ఏళ్ల పిల్లలకి తలకి డాప్లర్ స్కాన్ చేస్తే, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎవరికుందో ముందే తెలుస్తుంది, ఆపొచ్చు కూడా. కార్డు ఇచ్చి స్కాన్ ఇవ్వకపోతే, జబ్బు పేరు చెప్పి దారి చెప్పనట్టే.

గర్భిణుల స్కానింగ్ సంగతీ అంతే. ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా 1994లో చట్టం వచ్చింది, స్కానింగ్ మిషన్ రిజిస్టర్ అయ్యుండాలి, అర్హత ఉన్న డాక్టరే చేయాలి. ఆ చట్టం ఉండాల్సిందే. కానీ అర్హత ఉన్న డాక్టర్ లేని చోట తల్లికి స్కానింగే ఉండదు. దానికీ మార్గం ఉంది. ఎంబీబీఎస్ డాక్టర్లకి ఆరు నెలల శిక్షణ ఇచ్చి అర్హత కల్పించే రూల్స్ 2014లోనే వచ్చాయి. ఏజెన్సీ డాక్టర్లని ముందు ఆ శిక్షణకి పంపమని మనం ఎప్పుడైనా అడిగామా? నేనైతే అడగలేదు. నాకు తెలియదు.

ఇక మన పిల్లల సంగతి. దారి పొడుగే, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇంటర్ బైపీసీ, నీట్, ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మళ్లీ నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ. పీజీలో టాప్ ర్యాంకర్లు ముందు పట్టుకుపోయేది రేడియాలజీ సీట్లనే. ఆలిండియా కోటాలో మనకి ఏడున్నర శాతం, రాష్ట్రంలో ఆరు శాతం. అది ఎవరో పెట్టిన భిక్ష అనుకోకండి, తలొంచుకోకండి. పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఏజెన్సీలోనే తెల్లకోటు వేసుకునే రోజులివి.

అంత పొడుగు దారి అందరికీ కుదరదు. ఇంటర్ తర్వాత ఇమేజింగ్ డిప్లొమా, బీఎస్సీ కోర్సులు ఉన్నాయి. మా మావ రాత్రంతా మూలిగింది రేడియాలజిస్ట్ లేక కాదు, మిషన్ నొక్కే రేడియోగ్రాఫర్ లేక. ఆ కుర్చీలో మన గూడెం అమ్మాయి కూర్చుని ఉంటే సెలవు పెట్టినా పక్క ఊరి నుంచి ఇంకొకరు వచ్చేవాళ్లు. మన భాషలో "ఎక్కడ నొప్పి మావా" అని అడిగేవాళ్లు.

టీచర్ పోస్టుల జీవో 3 ఏమైందో మనకి తెలుసు. 2000లో వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పోరాటం ఆగకూడదు. దాంతోపాటే పోస్టుకి కావాల్సిన చదువు మన చేతిలో పెట్టుకోవాలి. అందుకని నావి నాలుగు మాటలు. ఏజెన్సీలో ఎక్స్‌రే ఉన్న ప్రతి చోటా ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఉండేలా రేడియోగ్రాఫర్ పోస్టులు నింపాలి. కొండ మీద తీసిన ఫోటోని అదే రోజు విశాఖలోనో కాకినాడలోనో డాక్టర్ చదివి పంపే ఏర్పాటు కావాలి. చేత్తో పట్టుకునే మిషన్లు టీబీ క్యాంపు అయ్యాక వెనక్కి పోకుండా ఇక్కడే ఉండాలి. ఏటా కొందరు ఆదివాసీ పిల్లల్ని ఐటీడీఏ ఖర్చుతో ఇమేజింగ్ కోర్సులకి పంపాలి. మన సంఘాలు వచ్చే గ్రామసభల్లో ఈ నాలుగూ తీర్మానం చేసి పంపాలి. ఫార్మాట్ కావాలంటే కామెంట్‌లో అడగండి, కలిసి రాద్దాం.

మావ ఎక్స్‌రే ఫిల్మ్ ఇంకా ఇంట్లో చూరులోనే ఉంది. మొన్న ఆయన కూతురు, ఇంటర్ బైపీసీ చదువుతోంది, దాన్ని తీసి ఎండకి అడ్డంపెట్టి చూస్తూ, "బావా, ఇందులో విరిగింది ఎక్కడ?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "నేను చదివి చెప్తాలే" అంది.

ఆ పిల్ల చదవాలి. చదివిన ఆ పిల్ల ముందుకి డొంకరాయి ఫోటో అదే రోజు చేరాలి. ఈ రెండూ మన పనే.

జై ఆదివాసీ!

డొంకరాయి నుంచి, మీ తోటి కార్యకర్త