విరిగిన ఎముకకు కదలిక ఎంతవరకు?

కాలు విరిగిన మన కార్మిక సోదరుల నుంచి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలు రెండు రకాలు. "పిండికట్టు వేసి నెల దాటింది, నొప్పి తగ్గింది, డ్యూటీకి పోవచ్చా?" అని కొందరు. "లోపల రాడ్ వేశారు, డాక్టరేమో నడవమంటున్నాడు, నడిస్తే మళ్లీ విరగదా?" అని మరికొందరు. ఒకరిది తొందర, ఇంకొకరిది భయం. విరిగిన చోట ఎముక ఎంత కదులుతోందన్న దాని మీదే ఇద్దరి జవాబూ ఆధారపడి ఉంది.

సైటులో పనిచేసేవారికి సెంట్రింగ్ సంగతి మేము చెప్పనక్కర్లేదు. స్లాబు గట్టిపడకముందే విప్పితే ఏమవుతుందో తెలిసిందే. ఎముకా కొంతవరకు అంతే. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. తర్వాత మెత్తటి కణజాలం పుడుతుంది. అది చాలావరకు చెవి దొప్పలో ఉండేలాంటి మెత్తటి ఎముకగా (మృదులాస్థి), ఆపైన గట్టి ఎముకగా మారుతుంది. మొదటి కణజాలం రెట్టింపు పొడవు సాగినా తట్టుకుంటుంది. మృదులాస్థి నూటికి సుమారు 10 వంతుల వరకే సాగుతుంది. ఎముక సుమారు 2 వంతులే. ఈ లెక్క చెప్పినవారు స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు స్టెఫాన్ పెరెన్. అంటే సందులో కదలిక ఎక్కువగా ఉంటే అక్కడ గట్టి ఎముక పుట్టే వీలే లేదు. నెలలు గడిచినా అతుకు పడదు, అడుగు వేసినప్పుడల్లా అదే చోట నొప్పి.

అయితే సిమెంటులా ఎముక ప్రాణం లేనిది కాదు. కొద్దిపాటి కదలిక దానికి మేలు చేస్తుంది. 1985లో బ్రిటన్‌లో గుడ్‌షిప్, కెన్‌రైట్ అనే ఇద్దరు గొర్రెల కాలి ఎముకల మీద పరీక్షించారు. అసలు కదలకుండా బిగించిన వాటికంటే, రోజుకు కొద్దిసేపు స్వల్పంగా కదిలించినవి బాగా అతుక్కున్నాయి. రాడ్ వేసిన డాక్టరు బరువు మోపమనడంలో కిటుకు ఇదే. ఆయన మోపమన్నంత మోపండి, మంచం పట్టి కూర్చోవద్దు. ప్లేటు, స్క్రూలతో గట్టిగా బిగించిన చోట మాత్రం దారి వేరు. అక్కడ ఎక్స్‌రేలో ఉబ్బు కనిపించకపోయినా ఎముక నేరుగా అతుక్కుంటూ ఉండవచ్చు, కంగారు పడకండి.

రాడ్ ఉంది కదా అని బరువులు మోయడం కూడా తప్పే. తీగను పదే పదే వంచితే తెగినట్టు, ఎముక అతకకపోతే చివరికి రాడే విరుగుతుంది.

పిండికట్టు వేయించుకున్నవారు ఒకటి గమనించాలి. వాపు దిగాక కట్టు వదులవుతుంది. లోపల కాలు ఆడుతుంటే ఆ కట్టు పేరుకే. వెళ్లి మార్పించుకోండి. కట్టు బిగుసుకుని నొప్పి భరించలేకుండా ఉన్నా, వేళ్లు మొద్దుబారినా, నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి. బీడీ, సిగరెట్ మానేయండి, అవి అతుకును ఆలస్యం చేస్తాయి.

ఇంటికి పోయి పుత్తూరు కట్టు కట్టించుకుంటామనేవారూ ఉన్నారు. బద్దలు పెట్టి కదలకుండా ఉంచడమే దాని సూత్రమూ. కానీ చర్మం చీలి ఎముక బయటపడినా, తొడ ఎముక విరిగినా, విరుపు కీలులోకి పోయినా అది సరిపోదని మా అభిప్రాయం.

మోకాలి కింది పెద్ద ఎముకకు నాలుగైదు నెలలు పట్టడం మామూలే. ఫోర్‌మన్ తొందర పెడుతున్నాడని ముందే పనిలోకి దిగుతారు మనవాళ్లు. యూఏఈలో ప్రైవేటు కంపెనీల కార్మికులకు 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం పనిలో తగిలిన దెబ్బకు చికిత్స ఖర్చు యజమానిదే. చికిత్స సాగినంత కాలం ఆరు నెలల వరకు పూర్తి జీతం, దాటితే మరో ఆరు నెలలు సగం జీతం. ఇళ్లలో పనిచేసేవారికి చట్టం వేరు.

మధ్యలో ఇంటికి పోవాల్సి వస్తే ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితం అడిగి తీసుకుని సంచిలో పెట్టుకోండి. లోపలి రాడ్ ఏ కంపెనీది, ఏ సైజుదో అందులో ఉంటుంది. రేపు అది తీయాల్సి వస్తే అక్కడి డాక్టరు ముందు అడిగేది అదే.