గడ్డలు తవ్వుకునే హక్కు

ఈ మధ్య ఒక స్నేహితురాలి కూతురు సెలవులకు ఇంటికొచ్చింది. సియాటిల్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. చూస్తే అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఏమిటని అడిగాను. ఐడహో రాష్ట్రంలో వారం రోజుల శిబిరానికి డబ్బు కట్టి వెళ్ళిందట. అగ్గిపుల్ల లేకుండా కర్రల రాపిడితో నిప్పు పుట్టించడం, నారతో తాడు పేనడం, రాయిని చెక్కి కత్తి చేయడం, జింక తోలు పదును పెట్టడం నేర్చుకుందట. వాళ్ళమ్మ నవ్వింది. "మా అమ్మమ్మ కట్టెలపొయ్యి ఊదలేక కళ్ళు పోగొట్టుకుంది. నువ్వు డబ్బు కట్టి మరీ పొగ పీల్చొచ్చావా?" అంది. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఆంటీ, ఆరేళ్ళుగా ఆ దేశంలో ఉన్నాను. నేను లేకపోతే పక్కవాళ్ళ పని ఆగిపోతుందని మొదటిసారి అనిపించింది అక్కడే. తోలు ఒక్కదాన్నే సాగదియ్యలేను కదా" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు.

ఈ ధోరణికి అక్కడ రీవైల్డింగ్ అని పేరు. 1990లలో ఈ మాటను పర్యావరణవేత్తలు వాడారు. విశాలమైన అడవులను కాపాడి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, పోయిన తోడేళ్ళ లాంటి జంతువులను మళ్ళీ తేవడమని దానికి అర్థం. తర్వాత కొందరు దాన్ని మనుషులకూ వర్తింపజేశారు. పశువుల్లాగే మనమూ మచ్చికైపోయాం, ఆ కట్టు తెంచుకుని మళ్ళీ అడవితో బతకడం నేర్వాలన్నారు. ఆదిమ నైపుణ్యాలు నేర్పే పని అంతకు ముందు నుంచే ఉంది. లారీ డీన్ ఓల్సన్ 1967లో దీని మీద పుస్తకం రాశాడు. టామ్ బ్రౌన్ 1978లో న్యూజెర్సీలో బడి పెట్టాడు. ఐడహోలో రెక్స్‌బర్గ్ దగ్గర రాబిట్‌స్టిక్ పేరుతో సెప్టెంబరు నెలలో జరిగే కూటమి చాలాకాలంగా పేరున్నది. ఇలాంటి చోట్లకి ఒంటరితనం భరించలేక వచ్చేవాళ్ళూ ఉంటారు. నిప్పు రాజేయడం నేర్చుకోవడానికి వచ్చి, నిప్పు చుట్టూ కూర్చునే మనుషులను వెతుక్కుంటారు.

దీన్ని తిన్నది అరగని వాళ్ళ వేడుక అని కొట్టిపారేయడం తేలిక. నేను ఆ పని చేయదలచుకోలేదు. పక్కింటి మనిషితో అవసరమే లేని జీవితాన్ని పెట్టుబడిదారీ సమాజం అభివృద్ధి అని చూపిస్తోంది. అందులో ఏదో పోయిందని ఆ అమ్మాయికి తెలిసింది. సామూహికత అనేది ఉపన్యాసాల వల్ల రాదనీ, చేతులు కలిపి చేయాల్సిన పని ఉన్నచోట వస్తుందనీ కూడా తెలిసింది. సంఘాల్లో పనిచేస్తున్న మనకు ఇది కొత్త కాదు. గుండ్రంగా కూర్చుని రిజిస్టర్లో సంతకాలు పెట్టినంత మాత్రాన సంఘం కాదని ఎన్నిసార్లు అనుభవానికి రాలేదు?

అయితే స్త్రీలుగా మనం రెండు ప్రశ్నలు అడగక తప్పదు. ఆ ఆదిమ జీవితంలో పని ఎవరిది? ఆ నేల ఎవరిది?

మొదటి ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. 1966లో షికాగోలో వేట, సేకరణల మీద బతికే సమాజాల గురించి మానవశాస్త్రజ్ఞుల సదస్సు జరిగింది. దాని వ్యాసాలు 1968లో పుస్తకంగా వచ్చినప్పుడు పెట్టిన పేరు 'మేన్ ది హంటర్', అంటే 'వేటగాడైన మగవాడు'. విచిత్రమేమిటంటే, ఆ పుస్తకం సంపాదకుల్లో ఒకరైన రిచర్డ్ లీ కలహారిలోని కుంగ్ ప్రజల తిండిని లెక్కగట్టి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు దుంపలు, గింజలు, కాయలేననీ, అవి ఎక్కువగా ఆడవాళ్ళు ఏరి తెచ్చినవేననీ చూపించాడు. తిండి పెట్టింది ఆమె, పేరు అతనిది! 1971లో శాలీ స్లోకమ్ 'వుమన్ ది గ్యాదరర్' అనే వ్యాసంలో ఈ పురుషపక్షపాతాన్ని ఎండగట్టింది. అలాగని ఏరడమే స్త్రీ సహజ స్వభావమని మనం ఇంకో మూసలో పడనక్కరలేదు. పెరూలో దాదాపు 9,000 ఏళ్ళ కిందటి ఒక స్త్రీ సమాధిలో వేట ఆయుధాలు బయటపడ్డాయని 2020లో పరిశోధకులు ప్రకటించారు. శ్రమ విభజన ప్రకృతి రాసిపెట్టింది కాదు.

అందుకే శిబిరంలో వంట ఎవరు చేశారు, పిల్లలను ఎవరు చూశారు అని ఆ అమ్మాయిని అడిగాను. కాసేపు ఆలోచించి, వంతులవారీగా అందరం వండాం, పిల్లల దగ్గర మాత్రం తల్లులే ఉన్నారు అంది. అడవికి వెళ్ళినంత మాత్రాన పితృస్వామ్యం ఊళ్ళోనే ఆగిపోదు. మనతోపాటు మూట కట్టుకుని వస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. ఆమె తాడు పేనిన ఐడహోలోనే కామస్ అనే మొక్క ఉంది. నీలం పూలు పూస్తుంది. దాని గడ్డను షోషోన్, బానక్ తెగల స్త్రీలు తవ్వుకర్రలతో తీసి, గోతిలో వేడి రాళ్ళ మధ్య కప్పెట్టి గంటల తరబడి మగ్గబెట్టేవారు. చలికాలానికి అదే తిండి. 1868లో ఫోర్ట్ బ్రిడ్జర్ దగ్గర అమెరికా ప్రభుత్వం ఆ తెగలతో ఒప్పందం చేసుకుంది. ఆ కామస్ మైదానాన్ని ఒప్పంద పత్రంలో 'కాన్సస్' మైదానం అని రాశారు. రాతలో పేరు తప్పింది, నేలమీద హక్కు జారింది. వలస వచ్చిన తెల్లవాళ్ళ పందులు, పశువులు ఆ గడ్డలను తవ్వి తిన్నాయి. రిజర్వేషన్లో ప్రభుత్వం ఇచ్చే తిండి చాలలేదు. 1878లో జరిగిన బానక్ యుద్ధానికి ఆ ఆకలి ఒక ముఖ్య కారణం. తెగ ఓడిపోయింది. ఆ యుద్ధాన్ని పురుషుల యుద్ధంగానే రాశారు. దాని మొదట్లో ఉన్నది ఆడవాళ్ళ తవ్వుకర్ర.

కాబట్టి నేర్చుకోవడానికి నైపుణ్యం మిగిలింది, ఆ నైపుణ్యం పుట్టిన సమాజాన్ని మాత్రం నేల నుంచి పెరికేశారు. నైపుణ్యాన్ని వారం రోజుల్లో నేర్పవచ్చు. గడ్డ ఉన్న నేలకు ప్రతి ఏడూ నిర్భయంగా తిరిగి వెళ్ళగలిగితేనే సంఘం నిలుస్తుంది.

ఈ సంగతి నాకు ఐడహో నుంచి తెలియలేదు. పరిశోధన పనిమీద కొన్నేళ్ళ కిందట నల్లమలలో ఒక చెంచు పెంటకు వెళ్ళాను. పెంట అంటే వాళ్ళ ఊరు. ఇనుపమొన ఉన్న తవ్వుకర్రతో చెంచు స్త్రీలు గడ్డలు తవ్వడం గురించి ఫ్యూరర్-హైమండార్ఫ్ 1943లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అలాంటి కర్రను ఒక ముసలామె నా చేతికిచ్చింది. "ఒక్కదానివి పోతే ఏం దొరకది బిడ్డా. దొరికినా తలకాయ తీస్కరావద్దు. మల్ల మట్టిల పెట్టాలె. వానలకు మల్ల తీగ లేస్తది" అంది. నేను నా నోట్‌బుక్కులో 'ఆహార సేకరణ' అన్న గడిలో టిక్కు పెట్టుకున్నాను. ఆమె చెప్పింది వృక్షశాస్త్రం, ఆస్తి న్యాయం, రేపటి ఆకలి గురించిన ఆలోచన అని అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. వెళ్ళేటప్పుడు ఇంకో మాటా అంది. "ఇప్పుడు కర్ర పట్కొని పోతే ఏడికి పోతున్నవని అడుగుతరు. మా అడవిల మేం ఏడికి పోతం?"

నల్లమల 1983లో పులుల రిజర్వు అయింది. పులి బతకాలని మనమూ కోరుకుంటాం. కానీ అడవిని మళ్ళీ అడవిగా చేయడమంటే మనుషులను ఖాళీ చేయించడమే అనుకునే ఆలోచనలో ముందుగా పోయేది ఆడవాళ్ళు ఏరుకునే నేల.

ఆ పెంటలో జీవితం స్వర్గమని నేను చెప్పడం లేదు. నీళ్ళకోసం నడక, కాన్పుకు ఆసుపత్రి దూరం, తాగొచ్చి కొట్టే మొగుడు అక్కడా ఉన్నారు. ఆసుపత్రి, బడి, రోడ్డు వాళ్ళ హక్కు. వాటికి బదులుగా అడవిని వదులుకోమనడం హక్కు కాదు, బేరం.

మనవైపు కూడా చూసుకుందాం. గడ్డ తలను మళ్ళీ నాటే మనిషికి మనం కుట్టుమిషను శిక్షణ ఇచ్చి 'నైపుణ్యాభివృద్ధి' అని నివేదిక రాశాం. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఆమె లాంటి వాళ్ళకు పని ఇచ్చింది, మేలే చేసింది. కానీ ఆ పనికి పెట్టిన పేరు 'నైపుణ్యం అవసరం లేని శారీరక శ్రమ'. ఒక దేశంలో డబ్బు కట్టి నేర్చుకునే విద్యకు ఇక్కడ నైపుణ్యమన్న పేరు కూడా దక్కలేదు.

2006 అటవీ హక్కుల చట్టం మన చేతిలో ఉన్న పనిముట్టు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఉండాలని అందులో ఉంది. దానికోసం మనం బాగానే పనిచేశాం. కానీ దున్నుకునే చెక్కకు పట్టా వేరు, ఏరుకునే అడవి మీద హక్కు వేరు. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో తేనె, మూలికలతో పాటు వేర్లు, దుంపలు కూడా స్పష్టంగా ఉన్నాయి. చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కును సెక్షన్ 3(1)(ఇ) గుర్తించింది. అభయారణ్యాలకూ ఈ చట్టం వర్తిస్తుంది. గ్రామసభ ఒప్పుకోకుండా తరలించడానికి వీల్లేదు. అటవీ హక్కుల కమిటీలో మూడింట ఒక వంతు తగ్గకుండా స్త్రీలు ఉండాలి.

ఇవి కాగితం మీద ఉన్నాయి. హద్దుల పటం గీసేటప్పుడు మాత్రం పిలిచేది మగవాళ్ళను. వాళ్ళు వేట దారులు, తేనె కొండలు చూపిస్తారు. గడ్డలు దొరికే వాగు గట్టు, ఆకుకూరల పల్లం, బుట్టలకు తీగ కోసే చోటు పటంలోకి రావు. కామస్ మైదానం పేరు ఒప్పందంలో తప్పినట్టే ఇవీ తప్పిపోతాయి. ఈసారి రాసేది మనం గనక ఆ తప్పు మనదవుతుంది. ఆడవాళ్ళతో విడిగా నడిచి, వాళ్ళు పెట్టుకున్న పేర్లతోనే ఆ చోట్లను రాసి, ఆ తర్వాతే దావా కాగితం మీద వేలిముద్ర వేయించాలి. ఈ పని ఇంకా మొదలుపెట్టని చోట వెంటనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఆ అమ్మాయి తిరిగి వెళ్ళేముందు, మళ్ళీ శిబిరానికి వెళ్ళనా వద్దా అని అడిగింది. వెళ్ళమన్నాను. నువ్వు తవ్విన నేలలో అంతకు ముందు ఎవరు తవ్వారో అడుగు, వాళ్ళ మనవరాళ్ళు ఫోర్ట్ హాల్ రిజర్వేషన్లో ఇంకా ఉన్నారు, వాళ్ళ హక్కుల కోసం కూడా నీ చేతులు కలుపు అన్నాను. మరి మీరిక్కడ ఏం చేస్తున్నారు ఆంటీ అంది.

జవాబు మనందరం చెప్పాలి.