మన ఆడవాళ్లకి ఇంకా కాలాపానీయేనా?

సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఈమధ్య మన ఇళ్లల్లో ఒకటే ముచ్చట, అండమాన్. విమానం టికెట్లు, హోటల్, ఒకరోజు జాలీ బాయ్ దీవికి పోయి స్నార్కెలింగ్. ప్లాన్ అంతా తయ్యార్ అయ్యాక ఖరీదారీకి సుల్తాన్ బజార్ పోతారు. మగవాళ్లకి, పిల్లలకి చెడ్డీలు, టీషర్టులు, టోపీలు. ఆడవాళ్లకి రెండు కొత్త దుపట్టాలు, ఒక డబ్బా పిన్నులు. ఆ సంచీలు చూస్తే చాలు. నీళ్లలోకి దిగేదెవరో, ఒడ్డున చెప్పులకీ ఫోన్లకీ కాపలా కూర్చునేదెవరో బజార్లోనే ఫైసలా అయిపోయింది.

దీనికి హయా అని పేరు పెడతాం. నేను ఒప్పుకోను. ఇది హయా కాదు, మన మర్దుల ఆదత్. హయా ఇద్దరికీ ఉండాలి కదా భాయ్! మగవాడి సతర్ నాభి నుంచి మోకాలి దాకా అని మద్రసాలో చిన్నపిల్లవాడిని అడిగినా చెప్తాడు. తొడలు కనిపించే చెడ్డీలో నలుగురి ముందు ఫొటోలు దిగేవాడు, పూర్తిగా కప్పుకున్న బీవీని "నువ్వు దిగొద్దు, బాగుండదు" అంటాడు. ఎవరికి బాగుండదు?

కాలాపానీతో మన బజారుకి పాత రిష్తా ఉంది. ఈ సుల్తాన్ బజార్ ఒకప్పుడు రెసిడెన్సీ బజార్. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద హమ్లా చేశారు. మౌల్వీ సాబ్‌ని 1859లో అండమాన్‌కి పంపేశారు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే ఇంతెఖాల్ అయ్యారు. ఆ రెసిడెన్సీ భవనం తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు మహిళా యూనివర్సిటీ. మన ఇళ్ల అమ్మాయిలు ఎందరో అక్కడ జువాలజీ చదివారు. రికార్డులో పగడం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారు. సూరె రహ్మాన్ తిలావత్ చేసినప్పుడల్లా మర్జాన్ అనే మాట పలుకుతూనే ఉన్నారు. అసలు మర్జాన్ నాలుగడుగుల దూరంలోకి వచ్చేసరికి వాళ్లు మాత్రం పడవలో కూర్చోవాలా?

ఆ నీళ్లలో ఏముందో తెలిస్తేనే వాళ్లు ఏం పోగొట్టుకుంటున్నారో అర్థమవుతుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర వండూర్‌లో 1983లో మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ పెట్టారు. 15 దీవులు, 281.5 చదరపు కిలోమీటర్లు. జాలీ బాయ్ అందులో ఒకటి. అక్కడ హోటల్ లేదు, రాత్రి ఉండనివ్వరు. ఇజాజత్ తీసుకుని పొద్దున పడవెక్కి, సాయంత్రానికి తిరిగి రావాలి. ఒడ్డు నుంచి కొంచెం లోపలికి పోతే చాలు, పగడాల బస్తీ మొదలవుతుంది. పగడం రాయి కాదు, జాన్ ఉన్న ప్రాణి. కొన్ని జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగవు. హుషారుగా ఒక్కసారి కాలుపెట్టి నిలబడితే, మన తాతల కాలం నుంచి పెరిగింది విరిగిపోవచ్చు. పులికి ఉన్నట్టే పగడానికీ వన్యప్రాణి చట్టం హిఫాజత్ ఉంది. చిన్న ముక్క జేబులో వేసుకున్నా జుర్మే.

ఇప్పుడు అసలు సంగతి. పగడాలకి ఎలాంటి మనిషి వస్తే మంచిది? ఒళ్లంతా కప్పుకున్న మనిషి. ఎండకి ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్‌లు కొన్నింటిలో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉంటాయి. అవి పగడాలకి హాని చేస్తాయని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకం ఆపేసింది. క్రీము తగ్గించి, చేతులూ కాళ్లూ కప్పే ఈత బట్టలు వేసుకోండని సముద్ర నిపుణులే చెప్తారు. అంటే బుర్కినీ వేసుకున్న మన ఆపా, ఒంటికి క్రీము పూసుకున్న భాయ్ సాబ్ కన్నా పగడాలకి మెరుగైన మెహమాన్.

మామూలు బుర్ఖాతో మాత్రం దిగొద్దు. తడిస్తే బరువెక్కుతుంది, కాళ్లకి చుట్టుకుంటుంది, అంచులు పగడాలకి తట్టుకుంటాయి. ఖతర్నాక్. ఈత కోసం కుట్టిన బట్టే కావాలి. హోటల్లోనే అది లోపల వేసుకుని పైన బుర్ఖా వేసుకుంటే, దీవిలో మార్చుకునే చోటు వెతుక్కునే ఇబ్బంది సగం తగ్గుతుంది. మాస్క్ అంచు చర్మానికి అతుక్కోవాలి. కింద గుడ్డ చిక్కుకుంటే నీళ్లు లోపలికొస్తాయి. గుబురు మీసాలకీ ఇదే ముసీబత్, ఆ సంగతి కూడా మర్దులు యాద్ పెట్టుకోవాలి.

ఇంకోవైపు వాళ్లనీ వదలను. 2016లో ఫ్రాన్స్‌లో కాన్ నగరం మేయర్ బుర్కినీని బీచ్‌లో మనా చేశాడు. ఇంకొన్ని ఊళ్లూ అదే దారి పట్టాయి. ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఒక ఊరి హుకుంని ఆపేసింది. అక్కడ ఎక్కువ కప్పుకున్నావని బయటికి పంపారు. ఇక్కడ ఎంత కప్పుకున్నా చాలదని కూర్చోబెడుతున్నాం. రెండుచోట్లా ఆమె మర్జీ ఎవడూ అడగలేదు. ఆమె ఇసుక మీదే మిగిలిపోయింది.

బహానాలు నాకు తెలుసు. "ఈత రాదు." లైఫ్ జాకెట్ ఉంటుంది, గైడ్ పట్టుకున్న రింగుని పట్టుకుని తేలుతూ చూడొచ్చు. నీళ్లకి భయపడేది మర్దులు కూడా. "గైడ్ మగవాడు." అయితే ఆడ గైడ్ దొరుకుతుందా అని బుకింగ్ రోజే అడగండి, దొరక్కపోతే షోహర్ పక్కన ఉంటాడు. "అమ్మీకి మోకాళ్ల నొప్పి." గాజు అడుగున్న పడవ ఉంది, అమ్మీకి కిటికీ సీటు లాంటి చోటు ఇప్పించండి. "పిల్లల్ని ఎవరు చూస్తారు?" అబ్బా చూస్తాడు. గంట సేపు. దునియా తలకిందులు కాదు.

ఇవేవీ లేకుండా ఆమె ఖుద్ "నాకు దిగాలని లేదు" అంటే అది ఆమె హక్. అడిగాక వచ్చిన జవాబుకీ, అడగకుండా మనమే చెప్పేసిన జవాబుకీ చాలా ఫరక్ ఉంది.

"ఈసారికి పోనీ, పిల్లలు పెద్దయ్యాక చూస్తుందిలే" అంటారా? సముద్రం వేడెక్కితే పగడాలు రంగు పోయి తెల్లబడతాయి, ఆ వేడి తగ్గకపోతే చచ్చిపోతాయి. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇదే జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా నాలుగోసారి మూకుమ్మడిగా తెల్లబడుతున్నాయని సైంటిస్టులు ఎలాన్ చేశారు. మన మొహల్లా ఆలోచన మారేదాకా ఆ బస్తీ ఆగదు.

కాబట్టి టికెట్ కొనేముందే ఇంట్లో అందర్నీ దస్తర్ఖాన్ దగ్గర కూర్చోబెట్టి అడగండి, ఎవరెవరు దిగుతారని. దిగుతానన్న ప్రతి ఆడపిల్లకీ, బీవీకీ, బహన్‌కీ సరైన బట్టలు ముందే కొనండి. బిర్యానీ స్టీలు డబ్బాలో పెట్టుకోండి, వాడి పారేసే ప్లాస్టిక్‌ని ఆ దీవికి తీసుకుపోనివ్వరు. నీళ్లలో దేన్నీ తొక్కొద్దు, దేన్నీ తీసుకురావొద్దు. ఫోన్లకి, చెప్పులకి కాపలా కావాలంటే వంతులు వేసుకోండి. మొదటి వంతు మీదే కానివ్వండి, భాయ్ సాబ్.