వాన ఊళ్లో రెండు రోజులు: బెర్గెన్ వీకెండ్ ప్లాన్ ఇలా!

కిందటి మే నెలలో ముగ్గురు ఫ్రెండ్స్‌మి బెర్గెన్ వెళ్లాం. నార్వే పడమటి తీరంలో ఉంటుంది, ఆ దేశంలో రెండో పెద్ద ఊరు. మాలో ఒకడికి జర్మనీలో ఎమ్మెస్ అయిపోయింది. తర్వాతి వారమే ఇంటికి ఫ్లైట్. వాడి కోరిక ఒక్కటే: కొండెక్కి ఊరినీ, సముద్రాన్నీ ఒకేసారి చూడాలి. నేనేమో బుద్ధిమంతుడిలా ఎక్సెల్ షీట్‌లో గంటగంటకీ ప్లాన్ రాసేశా. శనివారం 11 గంటలకి కొండ అని ఫిక్స్. టికెట్ కొనుక్కుని పైకి వెళ్తే ఏముంది? తెల్లటి మబ్బు! పక్కనున్న వాడి మొహం తప్ప ఇంకేం కనపడలేదు.

తప్పు వానది కాదు, నా షీట్‌ది.

ఎందుకంటే బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేదానికి ఇంచుమించు మూడు రెట్లు. 2006 అక్టోబరు చివర్లో మొదలై 2007 జనవరి దాకా వరసగా 85 రోజులు కురిసిన రికార్డు కూడా ఉంది. కారణం సింపుల్. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి ఊరి చుట్టూ ఉన్న కొండలకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, వానై కురుస్తుంది. మన పడమటి కనుమల దగ్గర జరిగేదే!

కాబట్టి అక్కడ గడియారం చూసి ప్లాన్ వేస్తే కుదరదు. ఆకాశం చూసి వేయాలి. రెండు లిస్టులు రాసుకోండి: ఒకటి ఎండకి, ఒకటి వానకి. నార్వే వాళ్లందరూ చూసే 'వై.ఆర్.' అనే ఫ్రీ వెదర్ యాప్ ఫోన్‌లో వేసుకోండి. పొద్దున్నే చూసి, ఏ లిస్టు తీయాలో డిసైడ్ అవ్వండి.

ఎండ లిస్టు

మొదటిది ఫ్లోయెన్ కొండ. ఎత్తు సుమారు 320 మీటర్లు. ఊరి మధ్య నుంచే పైకి కొండ రైలు ఉంది. 1918 నుంచి నడుస్తోంది, కొద్ది నిమిషాల్లో పైన దించేస్తుంది. నడిచి వెళ్తే మాత్రం పైసా ఖర్చు లేదు. మెలికలు తిరిగే దారిలో మెల్లగా ఎక్కినా గంట పడుతుంది. ఇంకా ఓపికుంటే 643 మీటర్ల ఉల్‌రికెన్ ఉంది. ఊరి చుట్టూ ఉన్న ఏడు కొండల్లో అదే పెద్దది.

కాళ్లు నొప్పులా? అయితే నూర్డ్‌నెస్ వైపు నడవండి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల అది. చివర్లో పార్కు, చెక్క ఇళ్ల సందులు, ఒడ్డున కూర్చోడానికి బెంచీలు ఉంటాయి. జూన్‌లో అయితే రాత్రి 11 దాకా వెలుతురే. అంటే ఒక్క రోజులోనే రెండు రోజుల టైం దొరికినట్టు!

వాన లిస్టు

ముందు బ్రిగ్గెన్. రేవు పక్కన ఎరుపు, పసుపు రంగుల చెక్క ఇళ్ల వరస. 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఉత్తరాది నుంచి వచ్చే ఎండు చేపకి ధాన్యం ఇచ్చిపుచ్చుకుంటూ, జర్మన్ వర్తకులు ఇక్కడ దాదాపు 400 ఏళ్లు వ్యాపారం చేశారు. 1702లో పెద్ద అగ్నిప్రమాదంలో అంతా కాలిపోతే, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నారు. అందరూ ముందు నిలబడి సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. మీరు లోపలి సందుల్లోకి వెళ్లండి. వాన చప్పుడు, తడిసిన చెక్క వాసన... అది వానలోనే చూడాలి.

తర్వాత కోడే మ్యూజియం. 'ద స్క్రీమ్' గీసిన ఎడ్వర్డ్ మంక్ పెయింటింగ్స్ ఇక్కడ బోలెడు ఉన్నాయి. సంగీతం ఇష్టమైతే స్వరకర్త గ్రీగ్ ఇల్లు ట్రోల్డ్‌హౌగెన్ ఉంది. లైట్ రైల్లో హోప్ స్టాప్‌లో దిగి కాసేపు నడవాలి. తడిసి ముద్దయ్యాక ఏదైనా కేఫ్‌లో దూరి 'షిల్లింగ్స్‌బొల్లె' అడగండి. దాల్చినచెక్క బన్ను, బెర్గెన్ స్పెషల్.

పర్సు జాగ్రత్త!

ఎయిర్‌పోర్ట్ నుంచి ట్యాక్సీ వద్దు. లైట్ రైల్ ఎక్కితే 45 నిమిషాల్లో ఊరి మధ్యలో దిగుతారు. సూపర్‌మార్కెట్లు ఎక్కువగా ఆదివారం మూసేస్తారు. కాబట్టి బ్రెడ్డు, చీజ్, పళ్లు శనివారమే కొనేయండి. ఇంటి నుంచి శాండ్‌విచ్ కట్టుకెళ్లడం అక్కడ మామూలే, ఎవరూ వింతగా చూడరు. కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు, బాటిల్ కొనకండి. చేపల మార్కెట్ చుట్టి రండి కానీ, రేటు చూశాకే ఆర్డర్ చేయండి. గొడుగుకి బదులు మంచి రెయిన్‌కోట్ పట్టుకెళ్లండి. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది.

ఇంకోటి. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో ఉంది. యూరో చెల్లదు, క్రోన్ కావాలి. కార్డు అయితే దాదాపు ప్రతిచోటా నడుస్తుంది. జర్మనీ, స్వీడన్‌లలో చదివేవాళ్లు రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్ట్ రెండూ దగ్గర పెట్టుకోండి.

రెండు రోజుల్లో ఫ్యోర్డ్ టూర్ కూడా ఇరికించొద్దు. దానికే ఒక రోజు పోతుంది. మూడో రోజు ఉంటేనే పెట్టుకోండి.

ఇంతకీ మావాడి సంగతి? ఆదివారం పొద్దున 5 గంటలకి వాడే లేపాడు. కిటికీలోంచి ఎండ! నా షీట్ ప్రకారం అప్పుడు నిద్ర, 10 గంటలకి మ్యూజియం. షీట్ పక్కన పడేసి, నిన్న కొన్న బ్రెడ్డు బ్యాగులో వేసుకుని నడిచే ఎక్కేశాం. పైన మేం ముగ్గురమే. కింద ఎర్ర పెంకుల ఇళ్లు, రేవు, దూరంగా దీవులు. వాడు ఫొటో తీయలేదు. ఇంటికి వీడియో కాల్ చేసి అమ్మకి చూపించాడు.

గంట తర్వాత మళ్లీ మబ్బు పట్టేసింది. ఆ షీట్ ఇప్పటికీ నా దగ్గరుంది. టైం కాలమ్ తీసేసి, ఎండ, వాన అని రెండు కాలమ్స్ పెట్టా. కావాలంటే మీరూ అలాగే చేసుకోండి.