కొండను లీజుకిచ్చే ముందు నత్తలనూ లెక్కపెట్టాలి

శ్రీకాకుళం జిల్లా టెక్కలి చుట్టుపక్కల కొండల్లో దొరికే నీలి గ్రానైట్‌కు విదేశాల్లోనూ గిరాకీ ఉంది. ఏ కొండలో ఎంత రాయి ఉంది, దిమ్మకు ఎంత పలుకుతుంది అన్న లెక్కలు తీయడంలో మనం ఏనాడూ వెనుకబడలేదు. అదే కొండ మీద రాళ్ల సందుల్లో, రాలిన ఆకుల కింది తడిలో బతికే ప్రాణుల సంగతికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనిపించదు. పలాస, టెక్కలి ప్రాంతంలో కొత్త క్వారీకి అనుమతి ఇచ్చే ముందు నత్తలు, జెర్రులు, సాలీళ్ల వంటి చిన్న జీవాల సర్వే జరిగి తీరాలి. పేరు లేని జీవి ఏ ఫైలులోనూ కనిపించదు. ఫైలులో లేనిదాన్ని కాపాడమని ఏ అధికారినీ అడగలేం.

పేరు లేని జీవులు మన కళ్ల ముందే ఉండవచ్చు. మేఘాలయలో చిరపుంజి దగ్గరున్న మాస్మాయి గుహ మారుమూల చోటేమీ కాదు. లోపల దీపాలున్నాయి, పర్యాటకుల రద్దీ ఉంది. అలాంటి చోట దొరికిన రెండు మిల్లీమీటర్లయినా లేని ఒక నత్తను బెంగళూరులోని ఏట్రీ సంస్థ పరిశోధకులు 2021లో కొత్త జాతిగా వర్ణించి, జియోరిస్సా మాస్మాయెన్సిస్ అని పేరు పెట్టారు. ఇలాంటి వర్ణన ఫొటో తీసి పేరు తగిలించినంత తేలిక కాదు. గుల్ల ఎత్తు వెడల్పులు కొలవాలి, దాని చుట్ల మీది సన్నని గీతలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలి, పాత నమూనాలతో పోల్చి ఇది వాటిలో ఏదీ కాదని రుజువు చేయాలి. అదే ప్రాంతం నుంచి దీని దగ్గరి బంధువును నత్తల పరిశోధకుడు విలియం బెన్సన్ 1851లోనే వర్ణించాడు. తోటి నత్తకు పేరు రావడానికి 170 ఏళ్లు పట్టిందన్నమాట. మన తోటలను పాడుచేసే ఆఫ్రికా రాక్షస నత్తను 1847లో కలకత్తాకు తెచ్చి వదిలినవాడూ ఈ బెన్సనే. మనకు నత్త అనగానే ఆ తెగులు గుర్తుకొస్తుంది తప్ప, ఎవరి పంటకూ హాని చేయని ఈ చిన్న స్థానిక జాతులు గుర్తుకు రావు.

శ్రీకాకుళం కొండల్లో బొర్రా, బెలుం లాంటి గుహలు లేవు కదా, నత్త గుల్లకు సున్నం కావాలి, గ్రానైట్ కొండలో ఏముంటాయి అని అడగవచ్చు. సున్నపురాయి కొండలతో పోలిస్తే ఇక్కడ జాతులు తక్కువే ఉండవచ్చు. కానీ తడి దొరికే కొద్దిపాటి చోట్లకే పరిమితమైన ప్రాణికి ఆ చోటు పోతే మరో దారి లేదు. కొండ దిగి, జీడితోటలూ పొలాలూ దాటి, ఇంకో కొండ ఎక్కడం రెండు మిల్లీమీటర్ల నత్తకు సాధ్యమయ్యే పని కాదు. మలేషియాలో ఒక సున్నపురాయి కొండను క్వారీ పూర్తిగా తినేయడంతో, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని ప్లెక్టోస్టోమా సియాఫిలం అనే నత్త అంతరించిపోయింది. అదే దేశంలో 2014లో మరో నత్తకు, అది బతికే కొండను తవ్వుతున్న లఫార్జ్ సిమెంట్ కంపెనీ పేరే పెట్టారు. దాని బతుకు ఎవరి చేతుల్లో ఉందో లోకానికి తెలియాలని శాస్త్రవేత్తల ఉద్దేశం.

ఉద్దానంలో మనుషులే కిడ్నీ జబ్బుతో పోతుంటే నత్తల గొడవేమిటన్న ప్రశ్న వస్తుంది. అడగాల్సిన ప్రశ్నే. పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, ఇంటింటికీ మంచినీరు ముందు. వాటికిచ్చే నిధుల్లో పైసా కూడా ఇటు మళ్లించనక్కర్లేదు. అయితే ఆ జబ్బుకు కారణాల కోసం నీటిని, మట్టిని జల్లెడ పడుతున్న ప్రాంతంలో నేలను నిశితంగా చూడటం అనవసరమని ఎలా అంటాం? చూడకపోతే ఏమవుతుందో సోంపేట బీల చెప్పింది. చేపలను, వరిని, పక్షులను పోషించే చిత్తడి నేలను పనికిరాని బంజరుగా చూపి థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్లాంటుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. నేలలో ఏముందో ముందే నిజాయితీగా రాసి ఉంటే వ్యవహారం అంతదూరం వెళ్లేది కాదు.

క్వారీలు ఆగితే కూలీల గతి ఏమిటన్నది ఇంకో అభ్యంతరం. నడుస్తున్న క్వారీలను మూయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కొత్త లీజుల సంగతే ఇది. పేరు పెట్టినంత మాత్రాన ప్రాణి బతుకుతుందా అంటే, బతకదు. మలేషియాలో పోయిన నత్తకూ పేరుంది. కానీ పేరుంటే వెతకడానికైనా వీలుంటుంది. విశాఖ ప్రాంతపు కొండల నుంచి 1870లో ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ వర్ణించిన కాళ్లు లేని బల్లి 137 ఏళ్ల తర్వాత మళ్లీ దొరికిందంటే, ఫలానాది ఉండాలని తెలిసి వెతికారు కాబట్టే. చిన్న నత్తలు పోతే నష్టం వాటితో ఆగదని నెదర్లాండ్స్ అడవులు చూపించాయి. ఆమ్లం పెరిగిన నేలల్లో నత్తలు తగ్గాక చిన్న పక్షులకు సున్నం చాలక గుడ్ల పెంకులు పలచబడ్డాయని 1994లో అక్కడి పరిశోధకులు తేల్చారు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. చిన్నతరహా ఖనిజాల తవ్వకానికి జిల్లా సర్వే నివేదిక ఎలాగూ ఉండాలి. అందులో ఈ జీవాలకూ ఒక అధ్యాయం చేర్చాలి. భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రం ఇచ్ఛాపురం దాటితే గోపాల్‌పూర్‌లోనే ఉంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. జల్లెడ, భూతద్దం, స్పిరిట్ సీసాలతో ఆకుచెత్తను వెతికే పని డిగ్రీ విద్యార్థులకూ నేర్పవచ్చు. ఖర్చును జిల్లా ఖనిజ నిధి భరించాలి. నత్తలు బయట తిరిగేది వానాకాలంలోనే కాబట్టి, ప్రతి కొత్త లీజు దరఖాస్తూ కనీసం ఒక వానాకాలం సర్వే పూర్తయ్యేదాకా ఆగాలి.