కాళ్లు పడిపోకముందే రండి

క్యాన్సర్ తగ్గిందనుకున్న మనిషికి నడుం నొప్పి మొదలైతే ఇంట్లో తలా ఒక కారణం చెబుతారు: వయసు, వాతం, మొన్నెప్పుడో ఎత్తిన బరువు. చాలాసార్లు అవే నిజం. నిజం కాని ఆ కొద్దిసార్లే నా భయం. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, కిడ్నీ క్యాన్సర్లు వెన్నెముకకు పాకడం అరుదేమీ కాదు. వెన్నుపూసలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి.

ఇలాంటి రోగుల గురించి స్కాట్లాండ్ వైద్యులు 2002లో ప్రచురించిన లెక్కలు ఇప్పటికీ నన్ను కలవరపెడతాయి. జబ్బు బయటపడేనాటికి 82 శాతం మంది అసలు నడవలేకపోతున్నారు, లేదా ఒకరు పట్టుకుంటే తప్ప నడవలేకపోతున్నారు. నొప్పి మాత్రం దాదాపు మూడు నెలల ముందే మొదలైంది.

ఆ మూడు నెలల విలువ ఎంతో తెలియాలంటే 2005లో అమెరికాలో వైద్యుడు ప్యాచెల్ బృందం ఇలాంటి 101 మంది రోగులపై ప్రచురించిన అధ్యయనం చూడాలి. రేడియేషన్ మాత్రమే ఇచ్చినవారిలో చికిత్స తర్వాత 57 శాతం మంది నడవగలిగారు. ముందు ఆపరేషన్ చేసి తర్వాత రేడియేషన్ ఇచ్చినవారిలో 84 శాతం. తేడా అంత స్పష్టంగా కనబడడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. కాళ్లు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటినవారిని అసలు అందులో చేర్చుకోనే లేదు; అంటే ఆలస్యంగా వచ్చేవారికి ఈ మేలు దక్కుతుందని ఆ అధ్యయనం చెప్పదు.

ఆ తర్వాత ఆపరేషనే మారిపోయింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు గడ్డనంతా తొలగించే ప్రయత్నం మానేశారు. వెన్నుపాముకూ గడ్డకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు చేస్తారు, అంతే. ఆ సందు ఎందుకంటే, గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ ఒకే విడతలో ఇస్తే గడ్డకు 24 గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలమానం) కావాలి. వెన్నుపాముకు మాత్రం 14 గ్రేలు దాటనివ్వకూడదు. మోతాదు అంతలా పడిపోవడానికి ఆ కాస్త చోటు చాలు. 2013లో వాళ్లు 186 మంది ఫలితాలు ప్రకటించారు. మూడు విడతల్లో ఎక్కువ మోతాదు ఇచ్చినవారిలో ఏడాదికి అదే చోట గడ్డ మళ్లీ పెరిగింది సుమారు 4 శాతం మందికే. ఇది పాత రికార్డులు తిరగేసి చెప్పిన లెక్క, ప్యాచెల్ అధ్యయనమంత బలమైన సాక్ష్యం కాదు. అయినా కొట్టిపారేయలేం. వెన్నెముకను నిలబెట్టే స్క్రూలను కూడా చిన్న కోతలతో, చర్మం మీదుగానే బిగిస్తే రక్తం తక్కువ పోతుంది, గాయం త్వరగా మానుతుంది, రేడియేషన్ కోసం వారాల తరబడి ఆగక్కర్లేదు. అందరికీ ఆపరేషన్ అవసరమూ లేదు. లింఫోమా, మైలోమా అనే రక్త క్యాన్సర్ల గడ్డలు మామూలు రేడియేషన్‌కే బాగా కరుగుతాయి.

ఇంత వైద్యం చేతిలో ఉన్నా, నడక పోయాక వచ్చినవారికి వైద్యులుగా మేం తిరిగి ఇవ్వగలిగేది చాలా తక్కువ. గతంలో క్యాన్సర్ వచ్చినవారికి పడుకుంటే పెరిగే వెన్ను నొప్పి, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండడం కనబడితే ఆలస్యం చేయొద్దు. మెట్లెక్కుతుంటే కాళ్లు తడబడినా, మూత్రం బిగిసినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. అలాంటప్పుడు 24 గంటల్లో ఎంఆర్ఐ తీయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోవద్దు. ఎముక చాలావరకు అరిగిపోతేగాని అందులో కనబడదు. పాత క్యాన్సర్ ఫైలు వెంట తీసుకెళ్లి, వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ కావాలా అని డాక్టర్‌ని మీరే అడగండి.